వేసవిలో వేయవలసిన వంతెన



ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన వారం ఏ విచారణలోనైనా సందడిగానే ఉంటుంది. పిల్లలు మిఠాయి పొట్లాలు పట్టుకొని గురువుల నివాసానికి వస్తారు. ఆదివారం దివ్యపూజ చివర వారి పేర్లు చదువుతాం, విశ్వాసులు చప్పట్లు కొడతారు, తల్లిదండ్రులు కృతజ్ఞతా పూజ చేయించుకుంటారు. తరువాత ఎంట్రన్సు పరీక్ష, కౌన్సెలింగు, సీటు. ఫీజుకు అప్పో, రీయింబర్స్‌మెంటో ఏదో ఒకటి సర్దుబాటవుతుంది. పెట్టె, పక్కబట్టలు సర్దుకొని పిల్లవాడు బస్సెక్కిన రోజున కన్నవారూ, గురువులమైన మేమూ ఒకే మాట అనుకుంటాం: హమ్మయ్య, గట్టెక్కాడు! నిజానికి వాడు నీళ్లలో దిగేది ఆ రోజునే.

చివరి పరీక్ష రాసిన రోజుకూ, కళాశాలలో మొదటి పాఠం విన్న రోజుకూ మధ్య మూడు నాలుగు నెలల కాలం ఉంటుంది. ఆ వేసవి నెలలను గురించే ఈ వారం పాఠం. అమెరికా దేశంలో అనేక విశ్వవిద్యాలయాలు ఈ నెలలను వట్టిగా పోనివ్వవు. కొత్తగా చేరబోయే పిల్లలను, ముఖ్యంగా కుటుంబంలో మొదటిసారిగా కళాశాల గడప తొక్కుతున్నవారిని, తరగతులు మొదలుకావడానికి కొన్ని వారాల ముందే పిలిపించుకొని, అక్కడే ఉంచుకొని సిద్ధం చేస్తాయి. దీనిని 'సమ్మర్ బ్రిడ్జి ప్రోగ్రాం' అంటారు. మనం వేసవి వంతెన అందాం.

దాని సంగతికి పోయేముందు ఒక అబ్బాయిని గురించి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక విచారణలో ఉండేవాడు. తల్లిదండ్రులు కూలిపని చేసేవారు. ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నాడు, ఇంజనీరింగులో సీటు వచ్చింది. బలిపీఠం దగ్గర నిలబెట్టి నేనే శాలువా కప్పాను. క్రిస్మస్ సెలవులకు వచ్చాడు, తిరిగి వెళ్లలేదు. "మావాడు ఇంక పోనంటున్నాడండీ ఫాదరుగారూ, మీరన్నా చెప్పండి" అని తల్లి ఏడ్చింది. నేను చెప్పాను. పట్టుదల గురించి, తల్లిదండ్రుల కష్టం గురించి చాలాసేపు చెప్పాను. వాడు తల వంచుకొని విన్నాడు. ఆరు నెలల తరువాత, నేను అడగకుండానే, వాడే ఒక మాట అన్నాడు: "పాఠం అర్థంకాకపోవడం పెద్ద సంగతి కాదు ఫాదర్. అర్థం కాలేదని ఎవరితో చెప్పాలో తెలియలేదు."

ఆ మాట విన్నాక అపోస్తలుల కార్యముల గ్రంథం ఎనిమిదవ అధ్యాయం నాకు వేరుగా కనిపించింది. ఇతియోపియా కోశాధికారి రథంలో కూర్చొని యెషయా గ్రంథం చదువుకుంటున్నాడు. ఆయన తెలివి తక్కువవాడు కాడు, ఒక రాణిగారి ధనాగారం మొత్తాన్ని చూసేవాడు. అయినా దారి చూపేవారు లేనిదే అది తనకు అర్థంకాదని నిర్మొహమాటంగా ఒప్పుకుంటాడు. ఫిలిప్పు రోడ్డు పక్కన నిలబడి ప్రసంగం చేయలేదు. రథం వెంట పరుగెత్తాడు, పిలిస్తే ఎక్కాడు, పక్కన కూర్చున్నాడు. నేను మా అబ్బాయికి రోడ్డు పక్కనుండి ప్రసంగం చేశాను.

బర్కిలీలో ఒక గణితశాస్త్రజ్ఞుడు

అమెరికాలో వేసవి వంతెనలకు బీజం 1960లలో పడింది. నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమం ఫలితంగా విశ్వవిద్యాలయాల తలుపులు తెరచుకుంటున్న రోజులవి. పేద పిల్లలను ఉన్నత పాఠశాల దశ నుండే కళాశాలకు సిద్ధంచేసే 'అప్‌వర్డ్ బౌండ్' అనే ప్రభుత్వ పథకం 1965లో మొదలైంది. తలుపు తెరవడం ఒక ఎత్తు, లోపలికి వచ్చినవారు నిలబడగలగడం మరొక ఎత్తు అని చాలా త్వరగానే తెలిసివచ్చింది.

1970లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణంలో యూరీ ట్రైస్‌మన్ అనే యువ గణితశాస్త్రజ్ఞుడికి ఒక సందేహం వచ్చింది. తమ తమ పాఠశాలల్లో మొదటి శ్రేణిలో నిలిచిన నల్లజాతి పిల్లలు ఇక్కడ కాల్కులస్‌లో సగానికి పైగా ఎందుకు దెబ్బతింటున్నారు? తోటి అధ్యాపకులను అడిగితే మనమూ చెప్పే జవాబులే చెప్పారు: పట్టుదల లేదు, పునాది బాగాలేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు, పేదరికం. ట్రైస్‌మన్ ఆ జవాబులతో తృప్తి పడలేదు. ఇరవైమంది నల్లజాతి విద్యార్థులను, ఇరవైమంది చైనా సంతతి విద్యార్థులను ఎంచుకొని, వారు ఎలా చదువుతున్నారో నెలల తరబడి వెంట ఉండి గమనించాడు.

అధ్యాపకులు చెప్పిన కారణాల్లో ఏదీ నిలబడలేదు. ఆ పిల్లలకు పట్టుదల ఉంది, కన్నవారి ప్రోత్సాహమూ ఉంది. తేడా మరొకచోట కనిపించింది. చైనా సంతతి పిల్లలు ముందు ఎవరికివారు లెక్కలు చేసుకొని, తరువాత గుంపుగా చేరి ఒకరి కాగితం ఒకరు దిద్దుకునేవారు. ఏ లెక్క తనకొక్కడికే రాలేదో, ఏది ఎవరికీ రాలేదో వారికి తెలుసు. ఏ ప్రొఫెసరు ఎలా అడుగుతాడో, ఎవరి దగ్గరకు వెళితే సాయం దొరుకుతుందో కూడా ఆ గుంపులోనే తెలిసిపోయేది. నల్లజాతి పిల్లలు గది తలుపు మూసుకొని ఒంటరిగా చదివేవారు. స్నేహం వేరు, చదువు వేరు అనుకునేవారు. లెక్క రాకపోతే అది తన లోపమే అనుకునేవారు. అంతకుముందు పాఠశాలలో వారిని గట్టెక్కించింది ఈ ఒంటరి చదువే కనుక దానిని మార్చుకోవాలని వారికి తోచలేదు.

ఇక్కడ ఆయన చేసిన పని గమనార్హం. వెనుకబడినవారి కోసం సులువైన పాఠాలు పెట్టలేదు. అలాంటి తరగతి పెడితే ఆత్మాభిమానం ఉన్న పిల్లవాడు రాడు, వచ్చినా తలెత్తుకోలేడు. మామూలు తరగతిలో కంటే కష్టమైన లెక్కలు ఇచ్చి, నలుగురైదుగురు కలిసి చేయమన్నాడు. అందులో చేరిన పిల్లల ఫలితాలు బాగా మెరుగయ్యాయి. ఇది వేసవి తరగతి కాదు, చదువుతోపాటు నడిచే అభ్యాస తరగతి. కాని ఆ తరువాత వచ్చిన మంచి వేసవి వంతెనలు చాలావరకు ఇందులోని సూత్రాన్నే నమ్మాయి.

పునీత కేథరిన్ డ్రెక్సెల్ నాటిన చెట్టు

కథోలిక పాఠకులు తప్పక తెలుసుకోవలసిన ఉదాహరణ న్యూ ఓర్లీన్స్ పట్టణంలో ఉంది. ఫిలడెల్ఫియాలో ఒక గొప్ప బ్యాంకరు కుమార్తెగా 1858లో పుట్టిన కేథరిన్ డ్రెక్సెల్, అమెరికాలోని ఆదివాసుల కోసం వేదబోధకులను పంపమని 1887లో పదమూడవ లియో జగద్గురువులను అడిగింది. నీవే ఎందుకు వేదబోధకురాలివి కాకూడదని ఆయన తిరిగి అడిగారట. ఆమె 1891లో దివ్యసత్ప్రసాద కన్యల సభను స్థాపించి, తన వాటా ఆస్తిని నల్లజాతివారి, ఆదివాసుల చదువులకు ధారపోసింది. ఆమె న్యూ ఓర్లీన్స్‌లో 1915లో ప్రారంభించిన పాఠశాల 1925లో కళాశాల అయింది. అదే నేటి జేవియర్ విశ్వవిద్యాలయం. నల్లజాతివారి కోసం స్థాపించిన కథోలిక విశ్వవిద్యాలయం ఆ దేశంలో అదొక్కటే. రెండవ జాన్‌పాల్ జగద్గురువులు 2000 అక్టోబరు 1న ఆమెను పునీతురాలిగా ప్రకటించారు.

ఈ చిన్న విశ్వవిద్యాలయం నుండి వైద్య కళాశాలల్లో చేరిన నల్లజాతి విద్యార్థుల సంఖ్య చాలా ఏళ్లపాటు దేశంలోనే అత్యధికం. హార్వర్డు వంటి సంపన్న సంస్థలకంటే ఎక్కువ! వారు ఏరికోరి తెచ్చుకున్న మేధావులా? కాదు. చాలామంది సాధారణ పాఠశాలల నుండి వచ్చినవారే. 1970ల చివర జేవియర్ అధ్యాపకులు 'సోర్' అనే వేసవి కార్యక్రమాన్ని రూపొందించారు. 'తర్కబద్ధమైన ఆలోచనకు ప్రాధాన్యం' అని దాని అర్థం. అందులోని ఒక పద్ధతిని పాఠకులు ఇంట్లోనే చేసి చూడవచ్చు. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకడు లెక్క చేస్తూ తన తలలో నడుస్తున్న ప్రతి ఆలోచననూ పైకి చెప్పాలి. "ఇక్కడ వేగం ఇచ్చాడు, కాలం ఇవ్వలేదు, కాబట్టి ముందు కాలం కనుక్కోవాలి..." అలా. రెండవవాడు జవాబు చెప్పకూడదు. వింటూ, ఎక్కడ మెట్టు వదిలేశాడో అక్కడ ఆపి అడగాలి. తరువాతి లెక్కకు పాత్రలు మారతాయి.

తెలివైనవాడికి జవాబు మెరుపులా తడుతుందని మన పిల్లల భ్రమ. తెలివైనవాడు కూడా తప్పుదారి పట్టి, వెనక్కు వచ్చి, మళ్లీ చదివి జవాబు చేరుకుంటాడని పక్కన కూర్చొని చెవులారా వింటేనే ఆ భ్రమ వదులుతుంది. "సిగ్గుపడకు" అని మనం వందసార్లు చెప్పినా పోని సిగ్గు అలా పోతుంది.

మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ కౌంటీ విశ్వవిద్యాలయంలో 1988లో మొదలైన మేయర్‌హాఫ్ పథకం కూడా ఈ కోవలోదే. దాని రూపకర్త ఫ్రీమన్ రబౌస్కీ పన్నెండేళ్ల బాలుడిగా ఉన్నప్పుడు, 1963లో బర్మింగ్‌హామ్ పట్టణంలో పిల్లల ఊరేగింపులో నడిచి అరెస్టయి ఐదు రోజులు నిర్బంధంలో గడిపినవాడు. మొదటి జట్టులో 19 మంది నల్లజాతి యువకులు. ప్రతి కొత్త జట్టుకూ ఆరు వారాల వేసవి శిక్షణ, ఒకేచోట నివాసం, కలిసి చదువు. మంచి మార్కులు వస్తున్నవాడు కూడా సాయం అడగాలన్నది అక్కడి నియమం. ఒకడు వెనుకబడితే అది జట్టు సమస్య. కోవిడ్ కాలంలో మోడెర్నా టీకా రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించిన శాస్త్రవేత్త కిజ్‌మేకియా కార్బెట్ ఈ పథకంలో చదువుకొని 2008లో పట్టభద్రురాలైంది.

వంతెన సగంలో ఆగితే

ఇంతవరకు చదివి, వేసవిలో నాలుగు వారాలు తరగతులు పెడితే చాలునని ఎవరైనా అనుకుంటే పొరపాటు. టెక్సస్ రాష్ట్రంలో 2009లో ఎనిమిది కళాశాలలు ఇటువంటి తరగతులు నడిపాయి. చేరగోరినవారిలో కొందరిని లాటరీ పద్ధతిన ఎంపిక చేశారు, కాబట్టి చేరినవారినీ చేరనివారినీ న్యాయంగా పోల్చి చూడడం వీలయింది. మొదటి ఏడాది, ఏడాదిన్నర వరకు వేసవి తరగతులకు వచ్చినవారు గణితంలోను, రచనలోను ముందున్నారు. రెండేళ్లు గడిచేసరికి ఆ తేడా మాసిపోయింది. చదువు మానకుండా నిలిచినవారి సంఖ్యలో తేడాయే కనిపించలేదు.

జేవియర్‌లో, మేరీలాండ్‌లో వేసవి ముగిసినా పిల్లవాడి చేయి వదలలేదు. జట్టు ఉంది, సలహాదారు ఉన్నాడు, మొదటి పరీక్షలో తప్పితే ఆ సాయంత్రమే తలుపు తట్టేవారున్నారు. టెక్సస్ అనుభవాన్ని, వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచినది ఇది: వేసవిలో చెప్పిన పాఠం కంటే, వేసవిలో దొరికిన మనుషులే ఎక్కువ కాలం పనిచేస్తారు. ఆ మనుషులు ఆగస్టులో మాయమైతే పాఠం కూడా వారి వెంటే పోతుంది.

ప్లేటో తన 'రిపబ్లిక్' ఏడవ భాగంలో గుహ ఉపమానం చెప్పాడు. చీకటిలో పుట్టిపెరిగినవాణ్ణి ఒక్కసారిగా ఎండలోకి లాగితే వాడికి ఏమీ కనబడదు. కళ్లు లేక కాదు, కళ్లు అలవాటుపడలేదు. ముందు నీడలు, తరువాత నీళ్లలో ప్రతిబింబాలు, ఆ తరువాత నక్షత్రాలు, చివరకు సూర్యుడు. గురువిద్యాలయంలో ఈ పాఠం విన్నప్పుడు అది జ్ఞానసిద్ధాంతం అనుకున్నాను. ఇప్పుడు చదివితే హాస్టలులో మొదటి నెల గురించి రాసినట్టుంది.

నా సంగతీ అంతే. తెలుగు మాధ్యమంలో చదివి తత్త్వశాస్త్రం తరగతిలో కూర్చున్నాను. ప్రొఫెసరుగారు అరిస్టాటిల్‌ను బోధిస్తూ 'సబ్‌స్టెన్స్', 'ఆక్సిడెంట్' అని మాటిమాటికీ అంటున్నారు. అరిస్టాటిల్‌కు ఏదో ప్రమాదం జరిగిందని రెండు రోజులు నమ్మాను! నాకంటే ఒక ఏడాది పెద్దయిన బ్రదరు ఒకాయన రాత్రి భోజనమయ్యాక వరండాలో నడుస్తూ విడమరచి చెప్పాడు. మామిడికాయ పచ్చగా ఉన్నా, పండి పసుపెక్కినా మామిడే. మామిడి సబ్‌స్టెన్స్, రంగు ఆక్సిడెంట్. ఆ వరండా నడక ఏడాదంతా సాగింది. లేకపోతే నేను ఈ పుటలో రాస్తూ ఉండేవాణ్ణి కాను.

తిరుసభకు ఈ అవసరం ఎప్పటినుండో తెలుసు. గురువిద్యార్థుల చదువు ఒక ప్రవేశ పాఠ్యక్రమంతో మొదలుకావాలని ద్వితీయ వాటికన్ మహాసభ 1965లోనే చెప్పింది. 2016లో వెలువడిన గురువుల శిక్షణ నియమావళి, తత్త్వశాస్త్రానికి ముందు కనీసం ఒక ఏడాది, రెండేళ్లకు మించకుండా, సన్నాహక దశ ఉండాలని స్పష్టంగా నిర్దేశించింది. గురువు కాబోయేవాడికి ఇంత సన్నాహం కావాలని ఎరిగిన మనం, ఇంజనీరో నర్సో కాబోయే పిల్లకు ఒక వారం కూడా ఇవ్వకుండా బస్సెక్కిస్తున్నాం.

మన దేశంలో అసలేమీ లేదని కాదు. ఐ.ఐ.టి.లలో కొందరు ఎస్.సి., ఎస్.టి. విద్యార్థులకు ఏడాది సన్నాహక కోర్సు ఎప్పటినుండో ఉంది. యు.జి.సి. 2019లో 'దీక్షారంభ్' పేరుతో కొత్త విద్యార్థుల పరిచయ కార్యక్రమానికి మార్గదర్శకాలిచ్చింది. డిగ్రీ కళాశాలల్లో బ్రిడ్జి కోర్సులూ జరుగుతున్నాయి. కాని ఇవన్నీ కళాశాలలో చేరిన తరువాతి సంగతులు. చేరేముందు గడిచే ఖాళీ నెలలు ఇంటివి, విచారణవి.

మా ప్రయత్నం, మా పొరపాటు

ఇప్పుడున్న విచారణలో మొదటి వేసవి నేను సరిగ్గా టెక్సస్ తప్పే చేశాను. బడి గదిలో పది రోజుల తరగతులు, ఇంగ్లీషు, కంప్యూటరు, వ్యక్తిత్వ వికాసంపై ఒక పెద్దమనిషి ప్రసంగం, చివర సర్టిఫికెట్లు, గ్రూపు ఫోటో. దసరా నాటికి ఇద్దరు పిల్లలు నా ఫోను ఎత్తడం మానేశారు.

రెండవ వేసవికి ముందు, వెనకటి విచారణ అబ్బాయిని పిలిపించాను. ఇప్పుడతను ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తున్నాడు. "వచ్చి ఒక గంట పిల్లలతో మాట్లాడు నాయనా" అంటే రానన్నాడు. కాని వారం తరువాత ఒక కాగితం పంపాడు. తనకు ఎవరూ చెప్పని విషయాలు పద్నాలుగు, వరుస సంఖ్యలు వేసి రాశాడు. హాజరు 75 శాతానికి తగ్గితే పరీక్ష దగ్గర చిక్కు వస్తుంది. ఇంటర్నల్ పరీక్షను చిన్న పరీక్ష అనుకోకూడదు, ఆ మార్కులు చివర కలుస్తాయి. నోటీసులు బోర్డు మీద కాదు, ఫోన్ గ్రూపులో వస్తాయి, మంచి ఫోను లేనివాడు పక్క మంచంవాడితో ముందే చెప్పి పెట్టుకోవాలి. ప్రొఫెసరు గది తలుపు విద్యార్థి కూడా తట్టవచ్చు. ఒక సబ్జెక్టు తప్పితే చదువు అయిపోయినట్టు కాదు, మళ్లీ రాయవచ్చు. ఇది తెలియకే అతను ఇంటికి వచ్చేశాడు. పద్నాలుగవది ప్రశ్న: ఇంగ్లీషులో జవాబు చెప్పినప్పుడు క్లాసంతా నవ్వితే ఏమి చేయాలి? దానికి ఎదురుగా ఖాళీ వదిలేశాడు.

ఇప్పుడు మా తరగతులలో మొదటి రోజు పాఠం ఆ కాగితమే. వ్యక్తిత్వ వికాసం ప్రసంగం మానుకున్నాం. రోజుకొక ఇంగ్లీషు ఉపన్యాసం నలభై నిమిషాలు వినిపించి నోట్సు రాయిస్తాం, తరువాత ముగ్గురు ముగ్గురు కలిసి నోట్సు సరిచూసుకుంటారు. మధ్యాహ్నం జంటలుగా లెక్కలు, పైకి ఆలోచిస్తూ. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, టి.సి. నకళ్లు, బ్యాంకు ఖాతా సరిచూడడానికి ఒక పూట పెట్టాం. మతం మారిన ఎస్.సి. కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్‌లో బి.సి.-సి ధ్రువపత్రమన్న సంగతి తెలియక ఆఖరి రోజున పరుగులు తీసేవారు మనలో ఇంకా ఉన్నారు. ఒక సాయంత్రం తల్లిదండ్రులతో గడుపుతాం. పిల్లవాడు ఫోనులో "బాగానే ఉన్నాను" అంటే సరిపెట్టుకోకుండా, ఈ వారం ఏ పాఠం కష్టమైంది, ఎవరిని అడిగావు అని అడగమంటాం. చదువురాని తల్లి కూడా ఈ ప్రశ్న వేయగలదు. ఒక తల్లి వేస్తోంది కూడా.

అన్నిటికంటే ముఖ్యమైన మార్పు ఒకటుంది. ప్రతి పిల్లవాడికీ, ప్రతి అమ్మాయికీ ఇప్పటికే కళాశాలలో రెండో ఏడో, మూడో ఏడో చదువుతున్న మన విచారణ సీనియరు ఒకరిని జతచేశాం. అబ్బాయికి అన్న, అమ్మాయికి అక్క. ఆదివారం పూజ తరువాత ఒక ఫోను, క్రిస్మస్ వరకు తప్పనిసరి. సీనియర్లకు నేను చెప్పింది ఒకటే: సలహాలివ్వకండి, నీకు మొదటి సెమిస్టరులో ఏమి పోయిందో చెప్పు. పద్నాలుగవ ప్రశ్నకు జవాబు ఆ ఫోన్లలోనే దొరుకుతోంది, ఒక్కొక్కరికి ఒక్కో రకంగా. ఒకమ్మాయి తానే నవ్వేసి మళ్లీ చెప్పిందట. ఒకడు ఆ సబ్జెక్టులో మార్కులు వచ్చేదాకా ఓర్చుకున్నాడు.

అందరూ నిలిచారని చెప్పలేను. నిరుడు తొమ్మిది మందిలో ఒకడు అక్టోబరులో వచ్చేశాడు. తేడా ఏమిటంటే, వచ్చేముందు వాడి సీనియరు నాకు ఫోను చేశాడు, నేను మరునాడే వెళ్లి హాస్టలు మెట్లమీద వాడి పక్కన కూర్చున్నాను. వాడికి ఇంజనీరింగు వద్దు, డిగ్రీ కావాలి. ఈ ఏడాది చేరుతున్నాడు.

ఈ వేసవికి మా జాబితాలో పన్నెండు మంది పిల్లలున్నారు. ఆదివారం ఫోను చేస్తామని మాట ఇచ్చిన సీనియర్లు ఏడుగురే. పక్క విచారణల నుండి చదువుకుంటున్నవారెవరైనా ఉంటే, ముఖ్యంగా నర్సింగులో చేరబోతున్న ముగ్గురమ్మాయిల కోసం ఒక అక్క కావాలి, మా ఉపదేశిగారి దగ్గర పేరు రాయించండి.